కొన్రాడ్ చేతుల్లో కొత్త ఈటె

ఇరవై ఏళ్ళుగా కొన్రాడ్ విస్కెమాన్ చేతుల్లో ఉన్నది సార్జెంటు గొడ్డలి ఈటె. వరుస వంకరైతే దాని కర్రను అడ్డంగా తిప్పి, సిపాయిల రొమ్ములకు ఆనించి, చాప మీద ముడత సర్దినట్టు సర్దేవాడు. సిపాయిలు చాటుగా అతన్ని 'మామ' అనేవారు. యుద్ధంలో అతని తెగువ చూసి అధికారిని చేశారు. గొడ్డలి పోయి, ఆకులాంటి అలుగున్న స్పొంటోన్ వచ్చింది. అది అధికారుల ఈటె. దాంతో వందనం చేస్తారు, దారి చూపిస్తారు. సిపాయిని మాత్రం తాకరు.

వసంత కవాతులో జనరల్ ఒప్పుకుంటేనే ఆ పదవి ఖాయం.

పెరట్లో వందనం సాధన చేస్తుంటే, దుప్పట్లు ఆరేస్తున్న భార్య గెర్ట్రౌడ్ నవ్వింది.

"ఏమయ్యా ఆఫీసరుగారూ, వందనం నాకా, దుప్పట్లకా?"

"నవ్వకే. చేతులు మాట వినడం లేదు."

"నా మాట మాత్రం ఎప్పుడు విన్నాయి?"

కవాతు రోజు ష్వాల్మ్ నది మీది మంచు పచ్చికలోకి మెల్లగా నడిచొచ్చింది. "విస్కెమాన్ గారూ, వరుస సంగతి సార్జెంటు చూసుకుంటాడు. మీరు ముందు నిలబడండి చాలు," అన్నాడు కెప్టెన్. ఆ 'గారూ' కొత్త చొక్కాలా మెడ దగ్గర గరగరలాడింది.

జనరల్ దగ్గరికొస్తుండగా ఆయన గుర్రం సకిలించింది. ఒక కొత్త సిపాయి బెదిరి ముందుకు జరిగాడు, పక్కవాళ్ళూ జరిగారు. వరుస మధ్యలో ఉబ్బింది. కొన్రాడ్ చేతులు వాటంతటవే స్పొంటోన్‌ను అడ్డంగా తిప్పేశాయి.

"గొడ్డలి పోయినా సార్జెంటు పోలేదు!" పక్క దళం అధికారి కిసుక్కుమన్నాడు.

కొన్రాడ్ బిగుసుకుపోయాడు. కర్ర ఇంకా ఎవరినీ తాకలేదు.

"మామ కర్ర తిప్పాడ్రా, సర్దుకోండి!" వరుసలో ఎవరో గుసగుసలాడారు. గిన్నెలో నీళ్ళు నిలకడకొచ్చినట్టు వరుస తనంతట తనే తిన్ననైంది. కొన్రాడ్ ఈటెను నిటారుగా నిలిపాడు.

జనరల్ గుర్రం ఆపాడు. "ఆ కర్రతో ఏం చేయబోయారు?"

"సర్దబోయానండి. పాత అలవాటు."

"సర్దారా?"

"లేదండి. వాళ్ళే సర్దుకున్నారు."

"మరి మీతో పనేముంది?"

"ఆయన చూస్తుండాలి కదండీ!" వెనక వరుసలోంచి ఓ గొంతు. కెప్టెన్ ముఖం పాలిపోయింది. జనరల్ మీసాల్లో నవ్వు కదిలింది.

"వందనం చేయండి."

అలుగు గాలిలో అర్ధవృత్తం గీసి, మంచు తడి గడ్డి మీదికి వాలింది. కొన్రాడ్ ఎడమ చేత్తో టోపీ తీశాడు.

సార్జెంటుకు ఎవరూ టోపీ తీయరు. జనరల్ తీశాడు.