టెంకాయ లేచిన చోటు

దయ్యాలు, శకునాలు అని మా ఇంట్లో ఎవరు మొదలుపెట్టినా ఎగతాళి చేసి నోరు మూయించేది నేనే. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

మాది కర్నూలు. దుకాణాలకు లోపలి పనులు చేయించే కాంట్రాక్టరుని. భార్గవిది కోడుమూరు దగ్గర మెట్ట రైతుల కుటుంబం. ఈ-స్పోర్ట్స్ బార్లు పెడతాను, లోపలి పని చేయించమని ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చినప్పుడు అందరిలా నేనూ నవ్వాను. కుర్రాళ్లు కంప్యూటర్లలో పోటీలు ఆడటం, మిగతావాళ్లు గోడంత తెర మీద చూస్తూ కేకలు పెట్టడం, అదీ వ్యాపారం. పేరుకే బార్, కౌంటర్లో అమ్మేది నన్నారి షర్బత్తు. కర్నూలులో బాగా నడిచింది, నంద్యాలలో నడిచింది. మూడోది కడపలో మొదలుపెట్టేసరికి నా నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

ప్రారంభానికి ముందురోజు మిట్టమధ్యాహ్నం, పూజకు తెచ్చిన టెంకాయను భార్గవి అరచేతిలో అడ్డంగా పెట్టుకుని హాలంతా నడిచింది. వాళ్ల నాన్న పొలాల్లో బోరు పాయింట్లు చూసేది అలాగే. కింద నీళ్లుంటే టెంకాయ నిక్కి నిలబడుతుందని మా వైపు నమ్మకం. ఏదో సరదాకి చేస్తోందనుకున్నాను. హాలు మధ్యలో, ఆటగాళ్ల స్టేజీ దగ్గర ఆగిపోయింది. టెంకాయ నిలబడి ఉంది.

మణికట్టు తిప్పి ఉంటావన్నాను. ఆమె దాన్ని నా అరచేతిలో అడ్డంగా పెట్టింది. నేను వేలు కూడా కదపలేదు. కాయ మెల్లగా లేచింది.

"స్టేజీ ఈడొద్దన్నా. కింద ఏముందో ఏమో, గోడ పక్కకు జరిపిద్దాం," అంది.

వైర్లన్నీ మళ్లీ లాగాలి, ప్రారంభం వాయిదా పడుతుంది, కారణం తెలిస్తే కడపంతా నవ్వుతుందని చెప్పాను.

"నవ్వనీలేన్నా. ఈడ కూర్చునేది పిల్లోళ్లు గదా."

స్టేజీని గోడ పక్కకు జరిపించి, హాలు మధ్యలో ఎవరూ నిలబడకుండా పూలకుండీలు పెట్టించి, చుట్టూ తాడు కట్టించింది. వచ్చినవాళ్లు నిజంగానే నవ్వారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వింది గానీ తాడు మాత్రం విప్పలేదు.

కొన్నాళ్లకు ఓ పోటీ ఫైనల్లో, జనం గంతులేస్తుండగా, కుండీలతో సహా ఆ నేల కుంగిపోయింది. కింద పాత బావి. ఎవరో ఎప్పుడో పైన బండలు పరిచి కప్పేశారు. గోడ పక్కన స్టేజీ మీద ఆడుతున్న పిల్లల్లో ఒక్కరికి చిన్న గీత కూడా పడలేదు. నా చేతిలోనూ లేచింది కదా, అయినా నేనైతే స్టేజీ జరిపేవాణ్ణి కాదు. ఆ ధైర్యం ఆమెది. వయసులో చిన్నదైనా మనసులో దండం పెట్టుకున్నాను.

బావిలో నీళ్లుంటాయి కాబట్టి లేచిందని స్నేహితులు తేల్చేశారు. నేనూ అంతటితో ఊరుకునేవాణ్ణే. కానీ పూడ్చే ముందు లైటు వేసి లోపలికి చూసింది నేను. అడుగున పొడిమట్టి. తర్వాత పక్కనే బోరు వేయిస్తే ఎంత లోతుకు పోయినా దుమ్మే లేచింది.

టెంకాయ నీళ్లకే లేస్తుందంటారు. ఆ రోజు మా ఇద్దరి చేతుల్లో అది దేన్ని చూసి లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు.