జీడినూనె తాగిన స్క్రూ

విమానమంటే భయపడేవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. కానీ ఆ భయపడేవాడు విమానాలు బాగుచేసే మెకానిక్కే అయితే ఊరు ఊరంతా పళ్లికిలిస్తుంది. పందొమ్మిదివందల యాభైల్లో నేను అలాంటి మెకానిక్కుని. నేలమీద నిలబడ్డ విమానం నాకు సాధువైన గేదె. దాని పొట్టకింద దూరి, పక్కటెముకలు తట్టి, ఎక్కడ నొప్పో కనిపెట్టేవాణ్ణి. ప్రొపెల్లర్ గిర్రున తిరగ్గానే మాత్రం నా పంచప్రాణాలూ షెడ్డు గోడ దూకి, రోడ్డు దాటి, టీ దుకాణం బల్లకింద దాక్కునేవి. బతిమాలితే గాని తిరిగొచ్చేవి కావు.

దీనికి తోడు మా పనిలో ఒక పాడు ఆచారం ఉండేది. విమానాన్ని విప్పి బిగించినవాడు, అది మళ్లీ మొదటిసారి గాల్లోకి లేచేటప్పుడు అందులో కూర్చోవాలి. వండినవాడే మొదటి ముద్ద తినాలన్నట్టు. ముద్దలో విషముంటే ముందు పోయేది తనే కాబట్టి ఒళ్లు దగ్గరపెట్టుకుని వండుతాడని సిద్ధాంతం. నా అదృష్టం కొద్దీ మా పెద్దమేస్త్రీకి గాల్లో తిరగడమంటే పెళ్లిభోజనం. నేను ఏది బిగించినా ఆయన గంతేసి ఎక్కేవాడు. అలా ఏళ్ల తరబడి నేల విడవకుండా నెగ్గుకొచ్చాను.

ఒక ఏడు తుపాన్ల రోజుల్లో ఆ అదృష్టానికి చెదపట్టింది.

నేను పనిచేసే ఫ్లయింగ్ క్లబ్బు విమానమొకటి ఉద్దానం కొబ్బరితోటల్ని పైనుంచి చూసి రావడానికి వెళ్లి, ముసురు పట్టడంతో పూండికి అవతల, జీడితోటలకీ సముద్రానికీ మధ్య ఉన్న గట్టి ఇసుకమేట మీద దిగింది. పైలట్ టెక్కలి బంగళాలో మకాం పెట్టాడు. ముసురు విడిచి, కొన్నాళ్లు మాడు పగిలే ఎండ కాశాక, ఎగురుదామని ఎక్కి కర్ర పట్టుకున్నాడు. పైలట్ మోకాళ్ల మధ్య ఒక కర్ర ఉంటుంది. దాన్ని ఎటు వంచితే విమానం అటు ఒరుగుతుంది. ఆ కర్ర ఎడమకి వెళ్లి అక్కడే పట్టేస్తోంది. దిగేటప్పుడు వెన్నలా ఆడింది, ఇప్పుడు మొండికేసింది. మెకానిక్కుని పంపమని తంతి కొట్టాడు. పెద్దమేస్త్రీ మూడు దుప్పట్ల కింద చలిజ్వరంతో వణుకుతున్నాడు. నన్ను పంపారు. విమానం బాగుచెయ్యడానికి ప్యాసింజరు రైల్లో, మూడో తరగతిలో, ఎండుచేపల గంపల మధ్య కూర్చుని వెళ్లిన మెకానిక్కుని బహుశా నేనొక్కణ్ణే.

అది మా అత్తవారి దేశం. మా ఆవిడది కాశీబుగ్గ. ఆవిడ చిన్నాన్న, అంటే నాకు చినమావగారు, పూండిలో కొబ్బరీ జీడీ పండించుకునే రైతు. విమానం దిగింది ఆయన తోట వెనకే కాబట్టి ఆయనే దానికి కాపలా కాస్తున్నాడు. నేను వెళ్లేసరికి విమానాన్ని పలుపుతాళ్లతో జీడిచెట్లకి కట్టేసి, పక్కన మంచం వేసుకుని, కొత్త కోడల్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. చుట్టూ సగం ఉద్దానం పోగైంది. అందులో ముప్పావువంతు నాకు బావమరుదుల వరసే.

"బావా, ఈ రెక్కల పచ్చికి ఏటి తెగులు? మేత ముట్టడం నేదేటి?" అన్నాడొకడు.

"బావెక్కితే మోత్తదో, కూలబడిపోద్దో సూడాల!" అన్నాడు ఇంకొకడు.

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వినట్టు గుర్తు. పళ్లు మాత్రం ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

పైలట్ నన్ను పక్కకి పిలిచి సముద్రంకేసి చూపించాడు. నీళ్లు ఎక్కడ ఆగిపోయాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. రెండూ మాడిన రాగి చెంబు అడుగులా ఉన్నాయి. గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఆ తీరంలో పుట్టి పెరిగిన కాకులు కూడా లోపలి ఊళ్లకి మకాం మార్చేస్తున్నాయి.

"సాయంత్రానికి గాలి లేస్తుంది. ఇక్కడే ఉంటే ఈ విమానం పుల్లలూ గుడ్డపీలికలూ అయిపోతుంది. నువ్వు బాగుచేసినా ఎగురుతాను, చెయ్యకపోయినా ఎగురుతాను," అన్నాడు.

"చిత్తం. నేను రైల్లో వచ్చేస్తాను."

"ఆచారం తెలియదా? నువ్వు ముందు సీట్లో."

ఆ బాపతు విమానంలో పైలట్ వెనక కూర్చుంటాడు. ముందు సీట్లోవాడికీ యముడికీ మధ్య ఒక చిన్న అద్దప్పలక తప్ప ఏమీ ఉండదు. నేను పనిముట్ల సంచి విప్పాను.

కర్ర కదలికని రెక్క అంచుకి అందించే గొలుసూ పళ్లచక్రమూ ఎడమరెక్క కింద ఒక చిన్న పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టె మీద అరచేతంత పలక, పలక చుట్టూ ఆరు స్క్రూలు. విప్పి చూస్తే రోగం తెలుస్తుంది. నేను ఇసుకలో వెల్లకిలా పడుకుని పైకి చూశాను. స్క్రూల తలలు కనబడలేదు. నల్లగా, నిగనిగలాడుతూ ఏదో పూత. రాయిలా గట్టిగా ఉంది.

"మావా, ఇదేమిటి?"

చినమావగారు మంచం మీదనుంచి మీసం దువ్వుకుంటూ దిగాడు. "జీడితొక్కల నూనె అల్లుడా! సంద్రపు గాలికి ఇనప ముక్క వారం దినాలు బతకదు. మా నావలకి ఇదే రాత్తాం. పదేళ్లయినా పురుగు ముట్టదు, తుప్పు పట్టదు. నీ ఇమానానికి పొద్దుటొక పూత, మాపుటొక పూత రాసినాను. ఎండకి ఎంత బాగా ఆరిందో సూడు!"

జీడినూనె సంగతి ఆ ప్రాంతంలో పసిపిల్లకి తెలుసు. పచ్చిగా ఉంటే ఒళ్లు కాలుస్తుంది, ఆరితే రాయి అవుతుంది. చెక్కకి అది కవచం. స్క్రూకి సమాధి. వేరెవరైనా అయితే నేను నెత్తీనోరూ బాదుకుని వీధిన పెట్టేవాణ్ణి. పిల్లనిచ్చినవాళ్ల ఇంటి పెద్దని, అందులోనూ కిందటి పండక్కే నన్ను మాగాయలోనూ ఆవకాయలోనూ ముంచి కొత్త పంచె పెట్టినవాణ్ణి ఏమంటాను?

"చాలా బాగా రాశారు మావా," అన్నాను.

పని మొదలెట్టాను. గోనెలు కుట్టే దబ్బనంతో ఒక్కొక్క స్క్రూ తలమీది గాడిలోంచి నల్లటి మడ్డి గీకాను. కిరసనాయిలు పోసి నానబెట్టాను. స్క్రూడ్రైవర్ గాడిలో ఆనించి, పిడిమీద సుత్తితో చిన్నగా కొట్టాను. మొండి స్క్రూని ఒకేసారి విప్పబోతే గాడి అరిగిపోతుంది. ముందు దాన్ని ఇంకాస్త బిగిస్తున్నట్టు నటించాలి. హమ్మయ్య, నన్ను విప్పరులే అని అది నమ్మి కాస్త సడలగానే ఎదురు తిప్పాలి. అలా మోసం చేసి, కొట్టి, బతిమాలి, అయిదింటిని ఊడదీశాను. ఈలోగా నూనె నా కుడి అరచేతిలోకి దిగింది. ముందు దురద, తరవాత మంట, తరవాత బూరెల్లాంటి బొబ్బలు.

ఆరోది రాలేదు.

కొట్టాను. రాలేదు. బిగించాను. బిగియనూ లేదు. ఇంజను వాల్వుల్ని అరగదీసే గరుకు ముద్ద సంచిలో ఉంటే, పట్టు కోసం స్క్రూడ్రైవర్ మొనకి పూసి తిప్పాను. గాడి ఒక పక్క తెగి ఊడిపోయింది. ఇప్పుడా తల బోడిగుండు. పట్టుకోవడానికి జుట్టు లేదు.

అదే సమయంలో తూర్పునుంచి ఒక్క విసురు గాలి వచ్చింది. ఒక్కటే. జీడిచెట్లన్నీ ఒకేసారి తలలు తిప్పి చూశాయి. విమానం తాళ్లు లాగింది. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు ఇళ్లకి మళ్లారు. బావమరుదులు హాస్యాలు కట్టిపెట్టారు. వాళ్లు హాస్యమాడుతున్నంతసేపూ నాకు ఇంత భయం వెయ్యలేదు.

నిజం చెప్పాలంటే అప్పుడు నా లోపల ఇద్దరు మనుషులు తన్నుకుంటున్నారు. స్క్రూ రాకపోతే బాగుండు, ఎగరడం తప్పుతుందేమో అని ఒకడు. ఒరే వెర్రివాడా, ఆయన ఎలాగూ ఎగురుతాడు, నువ్వెలాగూ ముందు సీట్లోనే, స్క్రూ రాకపోతే రోగం లోపలే ఉండగా ఎగురుతావు అని రెండోవాడు. చివరికి ఈ రెండోవాడే నెగ్గాడు.

"వేడి పెట్టి చూస్తాను," అన్నాను.

పైలట్ మొహంలో మొదటిసారి రంగు మారింది. ఆ రెక్కలకి తొడిగింది గుడ్డ. గుడ్డమీద పూసిన లేపనానికి నిప్పు సోకితే అది రెక్క కాదు, దీపావళి మతాబా. దానిపైన, మా ఇద్దరి నెత్తిమీద, పెట్రోలు తొట్టి. అయినా వేరే దారి లేదు. దూరంగా కొబ్బరిచిప్పల నిప్పులో, తగరం కరిగించి మాటువేసే కడ్డీని కాల్చి, తడిగోనె చుట్టూ కప్పి, స్క్రూ తలకి మాత్రమే ఆనించాను. సుయ్‌మంది. జీడిపొగ! కళ్లలో కారం, ముక్కులో కారం, గొంతులో కారం. జీడిగింజలు కాల్చే పొయ్యిలో తలపెట్టినట్టయింది. నేను దగ్గుతుంటే కాలుతున్న కడ్డీ గుడ్డకి వెంట్రుకవాసి దూరంలో ఊగింది. పైలట్ నా మణికట్టు పట్టుకుని బయటికి లాగాడు.

పొగ తగ్గాక చూస్తే, వేడికి ఆ నూనె ఇంకా గట్టిపడింది. స్క్రూ ఇప్పుడు రెక్కతో పుట్టినట్టుంది.

"అలాగే వదిలేస్తావా?" అన్నాడు పైలట్. గొంతులో కోపం లేదు. అతనికీ భయమేనని అప్పుడు తెలిసింది. భయపడే పైలట్‌ని చూడటం కన్నా భయంకరమైనది ఆ తీరంలో ఇంకోటి లేదు. తుపాను కూడా దాని తరవాతే.

మిగిలింది చేతి బర్మా. స్క్రూ తలనే తొలిచి పారెయ్యాలి. తల పోతే పలక వస్తుంది, మొండెం సంగతి తరవాత. కానీ బర్మా ములికి రవ్వంత జారి లోపలికి దూసుకుపోతే గొలుసు తెగుతుంది. గాల్లో తెగితే ఇద్దరం సముద్రంలో పులుసు. తల నడిబొడ్డున చిన్న గుంట కొట్టుకుని, ములికి అందులో నిలిపి తిప్పడం మొదలెట్టాను. బొబ్బలు ఒక్కొక్కటే చితుకుతున్నాయి. కంట్లో లోహపు పొట్టు పడుతోంది. రెండో విసురు గాలికి రెక్క పైకి లేచి నా మొహం మీదికి దిగింది. చినమావగారు గబుక్కున వచ్చి రెక్క కొసని రెండు చేతులా పట్టుకుని వేలాడాడు.

"కానీ అల్లుడా! నానొగ్గను!"

తిప్పాను. చెవులు రిక్కించి తిప్పాను. లోహం కరకరలాడే చప్పుడు ఒక్కసారి మారితే ఆగిపోవాలి. మారింది. ఆగాను. ఉలి అంచుతో ఒక్క తట్టు తట్టాను. తల ఊడి నా పళ్ల మీద పడింది.

పలక తీశాను. లోపల గొలుసు లేదు. గొలుసు ఉండాల్సిన చోట నల్లటి చిక్కీ ఉంది. పెట్టెలో చేరిన నీరు కారిపోవడానికి పలకకి ఒక చిన్న కన్నం ఉంటుంది. మావగారి భక్తి ఆ కన్నం గుండా పొద్దూమాపూ లోపలికి వెళ్లి, గొలుసునీ చక్రాన్నీ కలిపి పాకం పట్టింది. గాల్లో ఎడమకి తిప్పి ఉంటే ఎడమకి ఒరిగినవాళ్లం ఒరిగినట్టే ఉండిపోయేవాళ్లం, నీళ్లు తగిలేదాకా.

పైలట్ వంగి చూశాడు. చినమావగారు ఇంకా రెక్కకి వేలాడుతూనే, "లోపలికీ బాగా పట్టిందా అల్లుడా?" అని అడిగాడు.

"పట్టింది మావా. బాగా పట్టింది."

పెట్రోలుతో కడిగి, గీకి, పళ్లు పళ్లుగా విడదీసి, గొలుసు ఆడేదాకా తోమాను. పలకని అయిదు స్క్రూలతోనే బిగించాను. ఆరోదాని మొండెం దాని చోట దాన్నే ఉండనిచ్చాను. గాలి అప్పటికి విసుర్లు మాని ఒకటే ఈలగా మారింది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి పట్టీలు బిగించింది బావమరుదులే. పాడె కట్టేవాళ్ల మొహాలు కూడా అంత గంభీరంగా ఉండవు.

"బావా, భయం నేదు కదేటి?"

"నేదు," అన్నాను. జీవితంలో అంత పెద్ద అబద్ధం పెళ్లిచూపుల్లో కూడా ఆడలేదు.

ఇసుకమేట మా కిందనుంచి ఊడిపోయింది. జీడితోటలు, కొబ్బరిమొవ్వులు, పూండి స్టేషన్లో ఆగిన బొగ్గురైలు, అన్నీ పక్కకి వాలిపోయాయి. ఆ రైల్లో కూర్చున్న ప్రతి మనిషి మీదా నాకు అసూయ పుట్టింది. నా మోకాళ్ల మధ్య కూడా ఒక కర్ర ఉంది. వెనక పైలట్ తన కర్ర తిప్పితే ముందున్నది కూడా దానంతటదే కదులుతుంది, దెయ్యం పట్టినట్టు. నేను రెప్పవెయ్యకుండా దాన్నే చూస్తున్నాను. కుడికి వెళ్లింది, వచ్చింది. అప్పుడు ఎడమకి వెళ్లింది. ఎడమరెక్క కిందకి వాలింది. దాని కొసకింద నల్లటి సముద్రం తెల్లటి పళ్లు చూపిస్తోంది.

కర్ర రాలేదు.

ఎడమనే ఉంది. సముద్రం ఇంకాస్త దగ్గరైంది. అయిపోయింది, గొలుసు మళ్లీ పట్టేసింది అనుకున్నాను. మా ఆవిడా, ఆవకాయా, కట్టని చీటీ వాయిదా అన్నీ వరసగా కళ్లముందు కనబడ్డాయి. చెవి దగ్గరున్న మాటల గొట్టంలోంచి పైలట్ అరుపు వినబడింది.

"వదులు! కర్ర వదలవయ్యా!"

కిందకి చూసుకున్నాను. నా రెండు చేతులూ కర్రని పట్టుకుని ఉన్నాయి. ఎప్పుడు పట్టుకున్నాయో ఆ చేతులకే తెలియాలి. మునిగేవాడు దుంగని పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. వదుల్దామంటే కుడిచెయ్యి రావడం లేదు. చితికిన బొబ్బలూ, జీడి మడ్డీ కలిసి అరచేతిని కర్రకి అతికించేశాయి. కళ్లు మూసుకుని, స్క్రూని మోసం చేసినట్టే ముందు కాస్త బిగించి, ఎదురు తిప్పి, ఊడబెరికాను. చర్మం అక్కడే ఉండిపోయింది. కర్ర మధ్యకి వచ్చింది. దాని వెంటే సముద్రం కిందికి తగ్గింది.

షెడ్డు దగ్గర దిగాక పైలట్ నా చెయ్యి చూశాడు, కర్ర చూశాడు. "ఇది కడిగెయ్యి," అన్నాడు. కడగబోతే పోలేదు. దారిపొడుగునా గాలికి ఆరి రాయి అయిపోయింది. ఆ విమానం ముందు సీటు కర్ర మీద నా అరచేతి గీతలు, ఆయుర్దాయం గీతతో సహా, చాలాకాలం ఉన్నాయి. అది గాల్లోకి లేచిన ప్రతిసారీ నాలో కొంత భాగం అందులో ఎగిరినట్టే, ఆచారం చెల్లినట్టే గనక, మళ్లీ ఎక్కమని ఎవరడిగినా నేను ఆ మాటే చెప్పి తప్పించుకున్నాను.