రాజీ భోజనం

మదనపల్లెలో నేను చరిత్ర చెప్పే డిగ్రీ కాలేజీలో నా నోటికి మంచి పేరే ఉంది. వరండాలో నా చెప్పుల చప్పుడు వినపడితే చాలు, ఫోన్లు బ్యాగుల్లోకి పోతాయి. చెప్పిన పాఠమే ఏళ్ల తరబడి చెబుతున్నా, దాన్ని నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరన్న పొగరు కూడా ఉండేది. ఆ పొగరు అణిగినందుకు ఇవాళ్టికీ నాకు సంతోషమే.

అది అమెరికా అంతర్యుద్ధం పాఠం. బానిసత్వాన్ని వదులుకోలేక విడిపోయిన దక్షిణ రాష్ట్రాలు ఓడిపోయాయి. వాళ్లను మళ్లీ దేశంలో కలుపుకోవడం ఎలా? అధ్యక్షుడి ప్లాను మెత్తనిది. ఓటర్లలో పదిమందికి ఒకరు దేశానికి విధేయంగా ఉంటామని ప్రమాణం చేస్తే రాష్ట్రం వెనక్కి రావచ్చు. కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, ప్లాను గట్టిది. సగానికి పైగా ప్రమాణం చేయాల్సిందే. ఇది పిల్లల బుర్రకెక్కించడానికి నా దగ్గర సొంత ఉదాహరణ ఒకటుండేది. పుంగనూరు దగ్గర మా ఊళ్లో మా తాత పెద్దమనిషి. రెండు పార్టీలు తలలు పగలగొట్టుకున్నాక ఆయనే రాజీ చేసేవాడు. ఇరుపక్షాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టించేవాడు. పక్కపక్కన తిన్నారంటే గొడవ అయిపోయినట్టే. "అధ్యక్షుడిది మా తాత ప్లానే" అంటే క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని.

ఆ ఏడాది మాత్రం పెద్దమండ్యం నుంచి వచ్చే ఒక అమ్మాయి నవ్వలేదు. ఎప్పుడూ నోరు తెరవని పిల్ల, లేచి నిలబడింది.

"మేడం, మా ఊళ్లో కూడా రాజీ భోజనం పెట్టినారు. మా వీధోళ్లు ఎవరి సేన్లో పని సేయాలని వచ్చిన గొడవ అది. మమ్మల్ని మాత్రం పంక్తిలో కూసోబెట్టలా. మా అమ్మ రెండు పార్టీల ఎంగిలాకులు ఎత్తింది. అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడినోళ్లను ఈ రెండు ప్లాన్లలో యాడ కూసోబెట్టినారు?"

నాకు జవాబు తెలియదు. తెలియనప్పుడు నేను చేసే పనే చేశాను. "అది పరీక్షలో రాదు, కూర్చో" అని గట్టిగా అరిచాను. మర్నాటి నుంచి ఆ పిల్ల చివరి బెంచీకి మారిపోయింది.

ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మా తాత పెట్టించిన భోజనాల్లో ఆకులెత్తింది ఎవరు? నాకు తెలుసు. చిన్నప్పుడు నేను పప్పన్నం తింటుంటే గడ్డివామి పక్కన నిలబడి, మేము లేచేదాకా చూస్తూ ఉండేవాళ్లు. వాళ్ల ముఖాలు కూడా గుర్తున్నాయి. ఇన్నేళ్లూ ఆ కథను గొప్పగా చెప్పుకుంటూ వాళ్లను అందులోంచి తీసేశానని తలచుకుంటే సిగ్గేసింది.

అంతలో కుప్పంలో కాలేజీల మధ్య వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం చూసి ఉలిక్కిపడ్డాను. అంతర్యుద్ధం తర్వాత అమెరికాను కలపడానికి పోటీపడ్డ ప్లాన్లలో ఏది మేలు? నేరుగా చివరి బెంచీ దగ్గరికి వెళ్లాను. "ఆరోజు అరిచాను, తప్పు నాదే. నువ్వడిగినదానికి జవాబు నాకు తెలియదు. ఇద్దరం కలిసి వెతుకుదాం, పోటీలో నువ్వే మాట్లాడు" అన్నాను. నేను తప్పు ఒప్పుకోవడం ఎన్నడూ వినని క్లాసు నోరెళ్లబెట్టింది.

ఆ పిల్ల లేచి నిలబడి, "మా అమ్మను కూడా తీసుకొస్తా మేడం. ఆమె ముందరే సెప్పల్ల" అంది.

రెండు వారాలు లైబ్రరీలో కూర్చున్నాం. దొరికింది! బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు ఎవరో పిలుస్తారని కూర్చోలేదు. చర్చీల్లో సభలు పెట్టుకుని ఓటు కావాలి, భూమి కావాలి, బడి కావాలి అని అర్జీలు రాశారు. నేను గొప్పగా చెప్పుకునే పాఠంలో ఇంత సంగతి నాకే తెలియలేదు.

పోటీ రోజు తల్లీకూతుళ్లు మదనపల్లెలో బస్సెక్కారు, నేను మా ఇల్లున్న పుంగనూరులో ఎక్కాను. నన్ను చూడగానే ఆ తల్లి లేచి కిటికీ సీటు ఇవ్వబోయింది. కసిరి కూర్చోబెట్టాను. కసరడం అన్నది నాకు మర్యాద చేసేటప్పుడు కూడా తప్పదు.

మా పిల్లకంటే ముందు మాట్లాడినవాళ్లంతా అధ్యక్షుడి ప్లానో కాంగ్రెస్ ప్లానో ఎత్తుకున్నారు. మా పిల్ల "నాది మూడో ప్లాను" అనగానే జడ్జి గంట కొట్టాడు. "అమ్మా, పోటీ రెండు ప్లాన్ల మధ్యే. మూడోది లేదు." నేను దిగ్గున లేచాను, గొంతు దాకా మాట వచ్చేసింది. స్టేజీ మీంచి ఆ పిల్ల నా వైపు చెయ్యి చూపించి, అచ్చం నేను క్లాసులో చేసినట్టే, కూర్చోమని సైగ చేసింది. నేను కూర్చున్నాను!

"ఉండాది సార్. దాన్ని రాసినోళ్లను రెండు పార్టీలూ పంక్తికి పిలవలేదు, అందుకని మీకు కనపడలేదు."

ఆ తర్వాత ఎవరూ గంట ముట్టుకోలేదు. అర్జీల సంగతి చెప్పింది. వాళ్లకు ఓటు ఇచ్చి, ఉత్తరం, దక్షిణం అన్న పాత పార్టీలు రెండూ ఏకమయ్యాక దాన్ని మళ్లీ ఎలా లాక్కున్నారో చెప్పింది. చివర్లో వాళ్లమ్మ వైపు చూస్తూ ఎంగిలాకుల సంగతి చెప్పింది. "ఆకులెత్తినోళ్లు కూసుంటేనే అది పంక్తి సార్" అని దిగింది. మొదటి బహుమతి మాదే. ఆ జడ్జి స్వయంగా వచ్చి ఏ పుస్తకాలు చదివావని అడిగి రాసుకున్నాడు. నా చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

మధ్యాహ్నం అక్కడే అరిటాకుల్లో భోజనం. ముగ్గురం పక్కపక్కన కూర్చుని తిన్నాం. తినడం కాగానే ఆ తల్లి అలవాటుగా వంగి నా ఆకు పట్టుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, ఆకు నా చేతిలోకి తీసుకున్నాను.

"అయ్యో, వొద్దమ్మా, మీరు ఎత్తేదేంది!"

"నువ్వు కూర్చో అక్కా" అని మూడాకులూ మడిచి నేనే తీసుకెళ్లి తొట్టిలో వేశాను. మా తాత ఇంట్లో పుట్టి ఇంకొకరి ఆకెత్తింది నేనే మొదటిదాన్ని. వెనక్కి తిరిగి చూస్తే ఆమె బెంచీ మీద అలాగే నిటారుగా కూర్చుని ఉంది.

తిరుగు ప్రయాణంలో, బహుమతిగా ఇచ్చిన కప్పు ఆ తల్లి ఒళ్లోనే ఉంది. పుంగనూరులో నేను దిగబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మేడమమ్మా, ఇంకోసారి మా ఊళ్లో రాజీ భోజనం పెడితే ముందర నాకు ఆకు ఎయ్యల్ల. అప్పుడే పోతా."