మాస్టారి కారులో బుష్

మా బాబాయి లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు: బుష్‌లు, బేరింగులు. పాతకాలం కార్ల గేర్‌బాక్సులు బాగుచేయడం మా ఇద్దరి పని. షాఫ్టు తిరగడానికి కంచు గొట్టంలాంటి బుష్ వెయ్యాలా, రోలర్లుండే బేరింగు వెయ్యాలా అనే ప్రశ్న వస్తే ఆయన ఓటు బుష్‌కే. అందుకే ఊరంతా ఆయన్ని బుష్ బాబాయ్ అంటారు.

“బేరింగు నున్నగా తిరుగుతుంది, కాదనను. పోయే రోజు మాత్రం చెప్పాపెట్టకుండా పోతుంది. బుష్ అలా కాదురా. ఏళ్ళ తరబడి అరుగుతూ, మూలుగుతూ, మనకి చెప్పి మరీ పోతుంది.”

మనుషుల్నీ అలాగే కొలిచేవాడు. నేను చేసుకోబోయే అమ్మాయిని చూసి, “బుష్‌రా! కళ్ళు మూసుకుని చేసుకో” అన్నాడు. అది పొగడ్తేనని ఆవిడకి నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

“మరి పిన్ని?” అనడిగాను.

“నెమ్మదిగా అడగరా, వంటింట్లోనే ఉంది.”

ఒకరోజు రిటైరైన లెక్కల మాస్టారు తన పాత కారు తెచ్చారు. గేరు మారిస్తే ఒకటే గోల. ఆయన భార్య పోయి నాలుగు నెలలైంది.

“పాత ఇనుము కింద ఎవరికైనా ఇచ్చెయ్యండి. ఇంక నేను వెళ్ళాల్సిన చోటేముంది గనక?” అన్నారు.

బాబాయి గేరు రాడ్డు అటూ ఇటూ కదిపి చూశాడు. “బుష్ అరిగింది, అంతే. కొత్తది వేస్తాను. కానీ ఈ రకం బుష్ మహా పేచీకోరు మాస్టారూ. ప్రతి శనివారం తెచ్చి చూపించాలి.”

“ప్రతి శనివారమా! ఎన్నాళ్ళు?”

“అది బుష్ చేతిలో ఉంది.”

ఆ గేర్‌బాక్సు నన్ను ముట్టుకోనివ్వకుండా బాబాయి ఒక్కడే బిగించాడు. మాస్టారు విసుక్కుంటూనే వచ్చేవారు. బాబాయి పక్కన కూర్చుని, చెవి గేరు రాడ్డుకి ఆనించి, ఆయన చేత ఊరంతా తిప్పించేవాడు. తిరిగొచ్చాక టీ, ఆపైన చదరంగం. మూడో నెలకల్లా మాస్టారు ఇస్త్రీ చొక్కాతో గంట ముందే దిగడం మొదలుపెట్టారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. మా షెడ్డులో చేసిన పనికి ఇన్ని తనిఖీలేమిటి?

ఒక శనివారం బాబాయి జలుబుతో మంచమెక్కాడు. మంచి బుష్ వేసి పెద్దాయనకి ఈ తిప్పలు తప్పిద్దామని, మాస్టారు కారు వదిలి వెళ్ళాక నేనే గేర్‌బాక్సు దించాను. షాఫ్టు లాగగానే సూదుల్లాంటి రోలర్లు అరచేతిలోకి జలజలా రాలాయి. బేరింగు! అదీ పదేళ్ళదాకా ముట్టుకోనక్కర్లేని రకం.

వాటిని తీసుకెళ్ళి బాబాయి మంచం మీద పోశాను. “నువ్వు బేరింగు వేశావా బాబాయ్!”

“అరవకురా! ఆ షాఫ్టుకి బుష్ నిలవదు, ఏం చెయ్యను? బేరింగు అని చెబితే ఆయన మళ్ళీ పదేళ్ళకి గానీ రాడు.”

నాకు నవ్వాగలేదు. ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమ కూడా పుట్టుకొచ్చింది.

“ఇప్పుడు మాస్టారికేం చెప్పమంటావ్?”

బాబాయి గట్టిగా తుమ్మి, ముక్కు తుడుచుకున్నాడు. “ఏముంది? కొత్త బుష్ వేశాం, మొదట్లో వారానికి రెండుసార్లు చూపించాలని చెప్పు.”