పదకొండు మందికి ఒకే ఉత్తరం

ఆ రోజు నేను చేసిన తప్పు చూడ్డానికి చాలా చిన్నది. పదకొండు మందికి విడివిడిగా పంపమని అంకుల్ మరీ మరీ చెప్పిన ఉత్తరాన్ని, భోజనానికి ఆలస్యమవుతోందని ఒకే ఈమెయిలుగా పంపేశాను. ఎవరు తెరిచినా మిగతా పది మంది చిరునామాలు కనిపిస్తాయి.

అంకుల్ రంగూన్ తెలుగువాడు. అక్కడి బియ్యం మిల్లుల్లో కూలీల యూనియన్ నాయకుడు. సైనిక ప్రభుత్వం యూనియన్లను అణచివేసినప్పుడు రెండుసార్లు జైలుకెళ్లి, చివరికి సింగపూర్‌లోని జురాంగ్ వెస్ట్‌లో కూతురి ఫ్లాట్‌కు చేరాడు. మాదీ అదే బ్లాకు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని అందరూ భయపడుతున్న కాలం. నేను ఆఫీసులో పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసేవాణ్ణి. అంకుల్‌కు కంప్యూటర్ రాదు. దేశం దాటి చెదిరిపోయిన తన మనుషులకు నాచేతే ఉత్తరాలు పంపించేవాడు.

"మా యూనియన్లో ఒకడికి ఇద్దరే తెలియాలి బాబూ, ఒకడు దొరికినా అందరూ దొరక్కుండా," అన్నాడు ఒకసారి, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో టీ తాగుతూ.

"ఇది ఈమెయిలు అంకుల్. దీన్ని ఎవరూ చించి చూడలేరు."

"అలాగా? మరి నీ పెట్టికి తాళం ఎక్కడేస్తారో సూపించు."

నవ్వేశాను.

తొమ్మిది రోజులకు కబురొచ్చింది. ఆ పదకొండు మందిలో ఒకతని తమ్ముణ్ణి రంగూన్‌లో సైనికులు పట్టుకుపోయారు.

"ఇడివిడిగానే పంపినావు కదా?" అని అంకుల్ అడిగాడు.

"పంపాను అంకుల్."

అంతే అన్నాను. "అయితే మనోడే సెప్పేశాడు. మనోళ్లందరి పేర్లూ తెలిసినోడు ఆడొక్కడే," అన్నాడు. సరిహద్దు అవతల మలేసియాలో, జొహోర్‌లో ఉండే స్నేహితుడి గురించి ఆ మాట; వాళ్లది ముప్పై ఏళ్ల స్నేహం. ఆ రోజు నుంచి అతని ఫోన్ తీయలేదు. ఈలోగా 'ఈ పేర్లన్నీ ఎందుకు కనబడుతున్నాయి' అని ఇద్దరు నాకు రాశారు. వాటిని ఆయనకు చదివి వినిపించలేదు.

ఆ ఉత్తరాన్ని వెనక్కి రప్పించే దారి కంప్యూటర్లు తెలిసిన నాకే తెలియదు. పట్టుబడిన కుర్రాణ్ణి విడిపించే దారి ఎవరికీ తెలియదు. అలా రెండు వారాలు గడిచాయి.

చివరికి ఆ ఉత్తరాన్ని ప్రింటు తీసి, టీ బల్ల మీద ఆయన ముందు పెట్టాను. అంకుల్ చిరునామాలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తిట్టలేదు. "నేను ఆణ్ణి అనుమానించాను బాబూ," అన్నాడు.

తమ్ముణ్ణి పోగొట్టుకున్నతనికి, తప్పు నాదేనని నా పేరుతో రాశాను. జవాబు రాలేదు.

ఆదివారం బస్సెక్కి జొహోర్ వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. ఆ ముసలాయన తలుపు పట్టుకుని, "ఐదుసార్లు ఫోన్ సేశాను, ఉత్తరంలో అందరి పేర్లూ కనబడుతున్నాయని సెప్పడానికే," అన్నాడు.

అక్కడి నుంచే అంకుల్‌కు ఫోన్ కలిపాను. రిసీవర్ ముసలాయన చేతికిచ్చి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.