జానెడు బురద

నిన్న పొద్దున్న బాపట్లలో, నేను పనిచేసే దుకాణాల సముదాయం వెనక, ఇద్దరు మనుషులు గడ్డపారలతో వాన నీటి గుంట మీది ఇనుప మూతను లేపి పక్కకు ఈడ్చారు. నిలవున్న వాన నీరు, కాలిన ఇంజన్ ఆయిలు, కుళ్ళిన ఆకులు కలిసిన వాసన గుప్పుమని పైకి వచ్చింది. ఆ వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం నాంచారమ్మగారు గుర్తొస్తారు. పెద్దావిడను తలుచుకోవడానికి ఇంతకంటే మర్యాదైన వాసన దొరకలేదా అని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది. ఏం చేయను, ఆవిడ నాకు పని నేర్పింది అలాంటి గుంట ఒడ్డునే. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది.

నాంచారమ్మగారు తెనాలిలో చేబ్రోలు రోడ్డు వైపు ఉన్న ఒక మూడంతస్తుల కాంప్లెక్సుకు మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి. నేను ఆవిడ కింద సూపర్‌వైజర్ని. రేపల్లె అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే కుటుంబంలో పుట్టి, చదువుకుని, ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, మగవాళ్ళు వేసుకునే రబ్బరు బూట్లతో తిరిగేవారు. నేను చేరిన కొత్తలో ఆ బూట్లు చూసి నవ్వుకున్నాను. డిప్లొమా కాగితం చేతికి వచ్చి ఏడాది కాలేదు, లోకంలో నాకు తెలియనిది లేదనుకునే వయసు.

మా కాంప్లెక్సులో ఒక హోటలు, బట్టల దుకాణం, మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపు, ఇంకా చిన్నాచితకా దుకాణాలు ఉండేవి. వాన పడితే ముందున్న పార్కింగు మీద పడ్డ నీళ్ళన్నీ ఇనుప జాలీల్లోంచి నేల కింద ఉన్న మూడు గదుల గుంటలోకి పోతాయి. మొదటి గదిలో మట్టి అడుగుకు దిగుతుంది, రెండో దాంట్లో నూనె పైకి తేలుతుంది, మూడోదాంట్లోంచి తేరుకున్న నీళ్ళు ఊరి కాలవలోకి వెళ్తాయి. వాన నీటికి ఇంత భోగం ఎందుకండీ అని మొదటి వారంలోనే అడిగాను.

"ఆ కాలవ ఎక్కడిదాకా పోద్దో తెలుసా?" అన్నారావిడ.

"రేపల్లె వైపు కదండీ."

"మా ఊరి ముందుకు వచ్చుద్దయ్యా. మీ తెనాల్లో బండి కడిగితే ఆ నూనె మా వాళ్ళ వలలకు అంటుకుద్ది. నా చిన్నప్పుడు మా అమ్మ చేపల బుట్ట కడుగుతా ఎవుర్ని తిట్టేదో ఇప్పుడు తెలిసింది నాకు. నిన్నే."

నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం చురుక్కుమంది.

బురద ఎంత పేరుకుందో కొలవడానికి ఆవిడ దగ్గర ఏ మిషనూ లేదు. వాళ్ళ నాన్న పడవ నడిపిన గెడ ఉండేది. ఆ వెదురు మీద జానెడుకొక గాటు పెట్టించారు. మెల్లగా దించితే మొదట మెత్తగా తగిలినచోట బురద మొదలు, ఇంకా నొక్కితే గట్టిగా తగిలినచోట కాంక్రీటు. రెంటికీ మధ్య ఉన్నది పుస్తకంలో రాయాలి. రెండు జానలు దాటితే గుంటూరు నుంచి బురద పీల్చే లారీని పిలవాలి. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది కానీ, మెత్తదనం ఎక్కడ మొదలైందో అరచేతికి తెలియడానికి నాకు నెల పట్టింది. పక్కన నుంచుని ఆవిడ, "కంటితో కాదు, చేత్తో విను" అనేవారు.

మనిషిని మాత్రం దించకూడదు. ఆవిడ ఈ మాట చెప్పని రోజు లేదు. ఎందుకో ఒక్కసారే చెప్పారు. వాళ్ళ ఊళ్ళో ఒక పడవ అడుగు అరలో చేపలు కుళ్ళిపోతే కడగడానికి ఆవిడ తమ్ముడు దిగాడట. పిలిస్తే పలకలేదని చిన్నాన్న దిగాడు. ఆయన పలకలేదని చిన్నాన్న కొడుకు దిగాడు. "ముగ్గురూ పోయారు. అరుపు కూడా వినపళ్ళేదు. లోపల నిద్రపోయారని పైన ఉన్నోళ్ళు అనుకున్నారంట," అన్నారావిడ. కుళ్ళు పేరుకున్నచోట చెడ్డ గాలి పుడుతుందని, అది మనిషిని రెండు ఊపిర్లలో పడేస్తుందని అప్పుడే తెలుసుకున్నాను. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

మా కాంప్లెక్సులో ఒక చిక్కుండేది. ప్రతి అమావాస్యకూ దుకాణదారులందరూ గుమ్మం ముందు దిష్టి తీసి బూడిద గుమ్మడికాయ పగలగొడతారు. ముప్పై దుకాణాలు, ముప్పై కాయలు. కుంకుమ పూసిన ఆ ముక్కల్ని తొక్కకూడదని, ఎవరికి వారు చీపురుతో నెట్టి, నీళ్ళు కొట్టి జాలీలోకి పంపేస్తారు. వాళ్ళ దిష్టి పోతుంది, మా గుంటలో పోగవుతుంది. అమావాస్య పొద్దున్న జాలీల దగ్గర గోతాలు పట్టుకుని నుంచుని ఆ ముక్కలు పోగుచేయించడం, మర్నాడు మూత తీసి గెడతో కొలవడం నా పని. పోగుచేయడానికి నాతో కోటయ్య ఉండేవాడు. నలభై ఏళ్ళుంటాయి, ఊడ్చే పనీ ప్లంబింగు పనీ రెండూ చేసేవాడు. చదువు రాదు. మూత తీస్తే చాలు, "పుస్తకంలో ఎంతుంది సార్?" అని ముందు అడిగేవాడు. వింటేగానీ ఒడ్డుకు వచ్చేవాడు కాదు.

ఆ ఏడు వేసవిలో ఒక అమావాస్య మర్నాడు నాకు పొన్నూరులో పెళ్ళిచూపులు. కొత్త చొక్కా వేసుకుని ఆఫీసులో తొంగిచూసి పోదామని వచ్చాను. మూత తీస్తే ఆ వాసన చేతులకు రెండు రోజులు వదలదు. అంతకుముందు నెల అంకె చూసి దానికి రెండు వేళ్ళు కలిపి, జానెడు రెండు వేళ్ళు అని రాసి బస్సెక్కాను. ఆ సంబంధం కుదరలేదు, అది వేరే సంగతి. మరుసటి నెల నిజంగానే కొలుద్దామనుకున్నాను. తీరా కొలిస్తే అంకె ఒక్కసారిగా పెరిగిపోయి, పోయిన నెల అబద్ధం బయటపడుతుందని భయం పట్టుకుంది. ఇంకో రెండు వేళ్ళు కలిపాను. మూడో నెలా అంతే. కోటయ్య అడిగితే, "నేనే చూసేశాలే" అన్నాను. నాంచారమ్మగారు నా అంకెల కింద సంతకం పెట్టి, "చెయ్యి తిరిగిందే నీకు" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు నేను సిగ్గుపడ్డానని రాయాలని ఉంది. నిజానికి హమ్మయ్య అనుకున్నాను.

ఆషాఢం చివర్లో అల్పపీడనం పట్టింది. ఆవిడ సెలవు మీద రేపల్లెలో ఉన్నారు. రెండు రోజులు ఎడతెరిపి లేని వాన. మూడో రోజు పొద్దున్న పదింటికి వాన కాస్త తెరిపి ఇచ్చింది కానీ, జాలీల్లోంచి నీళ్ళు లోపలికి పోవడం మానేసి పైకి ఉబకడం మొదలెట్టాయి. సెల్లారు ర్యాంపు సగం మునిగింది. సెల్లారులో బట్టల దుకాణం వాళ్ళ గోడౌను, పెళ్ళిళ్ళ సీజనుకు తెచ్చిన సరుకు. మధ్యాహ్నానికి మళ్ళీ పెద్ద వాన ఉందని టీవీలో చెబుతున్నారు.

జాలీలకు ఇసుక బస్తాలు అడ్డం వేసి, గుంటలోకి మోటారు దించి నీళ్ళు రోడ్డు మీదికి తోడాం. సగం తోడాక మోటారు మూలిగి ఆగిపోయింది. తొంగిచూస్తే కింద నల్లగా కనిపిస్తోంది. అది నీళ్ళో బురదో పైనుంచి తెలియదు. నాకు తెలుసు. మోటారు బురదలో కూరుకుని ఆగిందని నాకు తెలుసు.

కాంప్లెక్సు మేనేజరు గొడుగు పట్టుకుని వచ్చాడు. "పుస్తకం తెండి. ఎంతుంది బురద?"

తెచ్చాను. చదివాను. "జానెడున్నర లోపేనండి."

"అయితే మోకాలి లోతు బురదే కదా, మిగతాది నీళ్ళే. నీళ్ళు పోయే దారికి అడ్డంగా ఏ ప్లాస్టిక్ కవరో పడుంటుంది. కోటయ్యా, రెండు నిమిషాల పని. దిగి లాగెయ్."

కోటయ్య నా వైపు చూశాడు. "పుస్తకంలో అంతే ఉందా సార్?"

"అంతే ఉంది," అన్నాను. అది అబద్ధం కాదు. పుస్తకంలో అంతే ఉంది.

గెడ నాకు నాలుగు అడుగుల దూరంలో గోడకు ఆనించి ఉంది. తీసి దించితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. నేను తీయలేదు. కోటయ్య చొక్కా విప్పి ఇసుక బస్తా మీద పెట్టాడు, తువ్వాలు నడుముకు బిగించాడు, ఒక కాలు ఇనుప మెట్టు మీద వేశాడు. అప్పుడు నా ఫోను మోగింది.

"వాన చూసి చేశాను," అన్నారు నాంచారమ్మగారు. బస్సు చప్పుడులో మాట సరిగ్గా వినిపించడం లేదు. "బస్సెక్కాను, దారిలో ఉన్నాను. గుంట ఎట్టా ఉంది?"

చెప్పాను. పుస్తకంలోని అంకె చెప్పి, మోటారు సగంలో ఆగిందని కూడా చెప్పాను.

"మోటారు సగంలో ఆగితే జానెడు ఎట్టా అవుద్దయ్యా? ఆ అంకె నువ్వు కొలిచిందేనా?"

ఈలోగా మేనేజరు విసుక్కుంటూ ఫోను కోసం చెయ్యి చాపాడు. "ఆవిడ ఎవుర్నీ దిగొద్దంటారు, తెలిసిందే కదా. ఆవిడ ఇక్కడ లేరు, మునిగేది ఆవిడ సరుకు కాదు. దిగు కోటయ్యా." కోటయ్య రెండో మెట్టు దిగాడు. మూడో మెట్టు. తల, భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

ఆ మెట్టుకూ ఈ మెట్టుకూ మధ్య నేను ఏం ఆలోచించానో దాచకుండా చెప్పాలి. ఉద్యోగం పోతుందని ఆలోచించాను. పదిమందిలో తల ఎక్కడ పెట్టుకోవాలని ఆలోచించాను. ఏమీ కాకపోవచ్చు కూడా కదా అని ఆలోచించాను. కోటయ్య గురించి ఆలోచించింది ఆ తర్వాతే.

"లేదండి," అన్నాను ఫోనులో. "కొలవలేదండి. మూడు నెల్ల నుంచి."

"నాకు చెప్పి ఏం లాభం?" ఆవిడ గొంతు కొద్దిగా కూడా హెచ్చలేదు. "కోటయ్యకు చెప్పు."

ఫోను చెవి దగ్గరే ఉంది. "కోటయ్యా, పైకి రా," అని అరిచాను. "ఆ అంకె నేను కొలవలేదు. ఊరికే రాశాను. పైకి వచ్చెయ్."

కోటయ్య ఆగి తలెత్తి చూశాడు. మేనేజరు, హోటలు వాళ్ళు, బట్టల దుకాణం కుర్రాళ్ళు, అందరూ నన్నే చూస్తున్నారు. అతను ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వచ్చాడు. మేనేజరు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తర్వాత రెండు గంటలూ అందరం వరస కట్టి గోడౌనులోని పెట్టెలు పైకి మోశాం. కింది వరసలో కొన్ని తడిశాయి.

నాంచారమ్మగారు మధ్యాహ్నం తడిసి ముద్దయి వచ్చారు. గెడ తీసి నా చేతికిచ్చారు. దించాను. చేత్తో వినాల్సిన అవసరమే లేకపోయింది. నొక్కుతుంటే బుడబుడమని బుడగలు లేచాయి, మురిగిన గుడ్ల వాసన వచ్చింది, ఒడ్డున ఉన్నవాళ్ళు గభాలున వెనక్కి తగ్గారు. గెడ పైకి తీశాక ఎవరూ చెప్పకుండానే కోటయ్య దాన్ని తన పక్కన నిలబెట్టుకుని చూసుకున్నాడు. మూడు నెలల కుళ్ళూ, వాన ఈడ్చుకొచ్చిన మట్టీ కలిసి నల్లటి బురద అతని రొమ్ము దాకా ఉంది. గెడ గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు. అతని కాళ్ళకు బురద అంటనే లేదు.

ఆవిడ పుస్తకం తెరిచి నా మూడు అంకెల మీద అడ్డంగా గీత గీశారు. వాటి కింద ఉన్న తన సంతకాల మీద కూడా గీశారు. నిజమైన అంకె నాచేత రాయించారు. రాజీనామా రాసి తెస్తానన్నాను.

"పంపించేస్తే ఇంకో చోట కూర్చుని రాస్తావు," అన్నారు. "ఇక్కడే ఉండి కొలువు. నీ అంకె నమ్మి నేను మూత తీయించి చూడలేదు, నా తప్పూ ఉంది. ఇక నుంచి నువ్వు కొలిస్తే నేను చూస్తా, నేను కొలిస్తే నువ్వు చూడు."

క్షమించమని అడిగితే మాత్రం కసురుకున్నారు. "నన్నడుగుతావేంటి? దిగింది నేనా?"

ఆవిడ దగ్గర ఇంకో నాలుగేళ్ళు పనిచేశాను. అమావాస్య మర్నాడు ఇద్దరం గుంట ఒడ్డున నుంచునేవాళ్ళం, ఒకరు కొలిస్తే ఒకరు చూసేవాళ్ళం. ఆ అబద్ధం ఊసు ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. పని మీద ఉన్న గౌరవం అరుపుల్లో ఉండదని ఆవిడను చూశాకే తెలిసింది. నాకు ఇప్పటికీ అంత నిదానం రాలేదు, గదమాయిస్తాను, తర్వాత బాధపడతాను.

ఆ వాన తర్వాత కోటయ్యను అడగడానికి నాకు నెలరోజులు పట్టింది. అతను అంతకుముందులాగే పలకరిస్తున్నాడు, అదే నన్ను ఎక్కువ తినేసింది. ఒకరోజు జాలీల దగ్గర గుమ్మడి ముక్కలు గోతంలోకి ఎత్తుతుంటే పక్కన కూర్చుని నేనూ ఎత్తుతూ అడిగాను.

"కోటయ్యా, ఆ రోజు అమ్మగారు ఫోను చేయకపోతే దిగేసేవాడివేనా?"

అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు.

"దిగేవాణ్ణే సార్," అన్నాడు. "మీరు రాశారు కదండీ."