ఆమె ఆగిన చోటే

కర్నూలులో ఎంబీఏ చేరిన రోజు, హాస్టల్లో నా పక్క మంచం మీద ఒక అమ్మాయి పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ కనిపించింది. వాళ్ళది కడప జిల్లాలో మగ్గాల ఊరు. నాన్న చీరలు నేస్తాడు. నేను ఆదోని వైపు దాన్ని. ఇద్దరం తెలుగు మీడియం వాళ్ళమే కాబట్టి స్నేహం తొందరగానే కుదిరింది.

ఎంబీఏ అంటే ఏసీ గదిలో కూర్చుని నలుగురికి పని చెప్పడం అనుకున్నాం. వచ్చాక తెలిసింది వేరు. మేమెన్నడూ చూడని కంపెనీలు ఎందుకు నష్టపోయాయో చదివి, వాటిని ఎలా నిలబెట్టాలో ఇంగ్లీషులో చెప్పాలి. ప్రెజెంటేషన్ ఉన్న రోజు ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క కోటునే మార్చి మార్చి తొడుక్కునేవాళ్ళం. ఎండకు ఆ కోటు లోపల వీపు తడిసిపోయేది.

రెండో ఏడాది ఇంటర్వ్యూలకు తయారుచేయడానికి ఒక ట్రైనర్ వచ్చాడు. మీ గురించి చెప్పండి అన్నది మొదటి ప్రశ్న. క్లాసులో చాలామంది తండ్రులది బిజినెస్సే. ఆమె కూడా అదే చెప్పింది. "ఏం బిజినెస్?" అని ఆయన అడిగేసరికి కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం హాస్టల్ మిద్దె మీద, ఆరేసిన బట్టల మధ్య నిలబడి, "ఉన్నదే చెప్తా మే. కాకపోతే వినేదానికి బాగుండాల" అంది.

ఇద్దరం కూర్చుని ఆ జవాబు కుదిర్చాం. అది ఇంగ్లీషులో సాగింది గానీ అర్థం ఇది: మా నాన్న నేతపనివాడు. పోగు తెగితే ఆయన మగ్గం ఆపుతాడు, ముడి వేస్తాడు, ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలుపెడతాడు. నేను నేర్చుకున్న మొదటి మేనేజ్‌మెంట్ పాఠం అది.

మరుసటి క్లాసులో ఆమె లేచి ఇది చెబుతుంటే ట్రైనర్ తన ఫోనులో వీడియో తీశాడు. "ముడి వేస్తాడు" అన్న తర్వాత ఆగింది. గుటక వేసింది. తలెత్తి మిగతాది చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. మర్చిపోయి ఆగిందని నాకొక్కదానికే తెలుసు.

ఆ మాటలతోనే ఆమెకు ఉద్యోగం వచ్చింది. కడపలో ఒక ప్రైవేటు బ్యాంకులో సేల్స్ ఆఫీసరు. ఆఫీసులో కుర్చీ ఉండేది గానీ అందులో కూర్చునే వీలుండేది కాదు. స్కూటీ మీద రాయచోటి దాకా తిరిగేది. ఏ చెట్టు కిందో ఆగి నాకు ఫోన్ చేసేది. "ఎండ శానా ఉండాది మే. నాలుగు మాటలు చెప్పు, మళ్ళీ పోతా" అనేది.

ఒక మధ్యాహ్నం ఘాటు రోడ్డులో ఆమె స్కూటీని లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయింది. నేను వాళ్ళ ఊరు చేరేసరికి గుంతలోకి దించుతున్నారు. మట్టి వేసి వచ్చాను.

తర్వాత నాకు కర్నూలులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెచ్చార్ ఉద్యోగం దొరికింది. కొత్తవాళ్ళను ఇంటర్వ్యూ చేయడం నా పనుల్లో ఒకటి. ఒకరోజు నంద్యాల వైపు అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. మీ గురించి చెప్పమన్నాను. మా నాన్న నేతపనివాడు అని మొదలుపెట్టాడు. "ముడి వేస్తాడు" అన్నాక ఆగాడు. గుటక వేశాడు. తలెత్తాడు.

అతని రెజ్యూమె పక్కన పెట్టాను.

"మీ నాన్న నేస్తారా?" అని అడిగాను.

"లేదు మేడం, మాది హోటలు. ట్రైనింగ్ సార్ ఒక వీడియో చూపించి అట్లే చెప్పమన్నాడు. ఆడ ఆగాల్నంట, అది శానా ముఖ్యమంట."

"ఆ వీడియోలో అమ్మాయి ఎవరో చెప్పారా?"

"సీనియర్ అన్నారు మేడం. మంచి ఉద్యోగంలో ఉండాదంట."

ఆ తర్వాత ఎంతోమంది వచ్చారు. కోడుమూరు నుంచి, డోన్ నుంచి, అటు మైదుకూరు నుంచి. గొంతులు వేరు, మొహాలు వేరు. ఆగడం మాత్రం అక్కడే. తలుపు తీసుకుని ఎవరు లోపలికి వచ్చినా, ఈసారి ఎవరి నోట్లోంచి వస్తుందో అని చూసేదాన్ని. అలా వచ్చిన ఒక అమ్మాయిని అడిగి ఆ వీడియో నా ఫోనుకు పంపించుకున్నాను. చాలా రోజులు తెరవలేదు. చివరికి ఒక ఆదివారం కడప బస్సెక్కాను.

వాళ్ళ నాన్న మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, "రామ్మా, కూచో" అన్నాడు. ఆమె చెల్లెలు డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. మా దగ్గర ఫోటోలే ఉండాయక్కా, వీడియో ఒగటి గూడా లేదు, అక్క ఫోను లారీ కిందనే పోయింది అని ఆ పిల్లే అంది. అప్పుడు వీడియో సంగతి చెప్పి, ఫోను ఆ పిల్ల చేతిలో పెట్టాను.

గొంతు వినపడగానే వాళ్ళమ్మ వంటింట్లోంచి తడి చేతులతో వచ్చి గడప దగ్గర నిలబడింది. వీడియో అయిపోయింది.

"ఏమంటాండాది పాపా?" అని వాళ్ళ నాన్న నన్ను అడిగాడు.

తెలుగులో చెప్పాను. ఆయన సాంతం విన్నాడు.

"నా గురించా?" అన్నాడు. మగ్గం వైపు చూసి, "పోగు తెగితే నాకు యాడలేని కోపం వస్తాది. ఇల్లంతా అరుస్తా. అది చూసిందే గదా" అన్నాడు.

వాళ్ళమ్మ మళ్ళీ పెట్టమంది. చెల్లెలు మళ్ళీ పెట్టింది. అన్నం తిన్నాక కూడా పెట్టింది.

నేను బయల్దేరుతుంటే ఆయన ఆపాడు. "చిన్నది గూడా ఆ చదువుకే పోతా అంటాండాది. పెద్దది ఏమీ చెప్పలా. నువ్వన్నా చెప్పు. దాంట్లో ఏముంటాది?"

దాచకుండా చెప్పాను. పుస్తకాలు కొన్నాళ్ళే. మిగతాదంతా మాట్లాడటం నేర్చుకోవడం. ఎక్కువమందికి వచ్చేవి అమ్మే ఉద్యోగాలే, ఎండలో తిరగాలి. నీడలో ఉండేవి కొందరికే దొరుకుతాయి. మాట పెరుగుతుంది, నలుగురిలో నిలబడే ధైర్యం వస్తుంది, అది నిజం.

"తిరిగే ఉద్యోగం వద్దు" అంది వాళ్ళమ్మ.

చెల్లెలు మా కాలేజీలోనే చేరింది. రెండో ఏడాది ట్రైనింగ్ మొదలైన రోజు సాయంత్రం ఫోన్ చేసింది.

"ఈ పొద్దు అక్కను చూపించినారక్కా. సార్‌కు చెప్పినా, మా అక్కేనని. అక్క ఇప్పుడు లేదని గూడా చెప్పినా. ఆయనకు తెలీదంట. వీడియో ఆపేసి ఫోను జోబిలో పెట్టుకున్యాడు."

ఆ వీడియో చూపించడం మానేశారని తర్వాత విన్నాను. అయినా అది అప్పటికే ఎన్ని ఫోనుల్లోకి పోయిందో.

ఇప్పుడు ఆ పిల్ల కర్నూలులో ఒక బట్టల షోరూం ఆఫీసులో పనిచేస్తోంది, కూర్చుని చేసే పనే. ఆదివారాలు నా గదికి వస్తుంది. ఇద్దరం వండుకుని తింటాం. పప్పులోకి ఉప్పు అందుకోమని చెబుతూ, ఒక్కోసారి నోరుజారి వాళ్ళక్క పేరుతో పిలుస్తాను. ఆమె పలుకుతుంది.